విద్యుత్తునకు ఎల్లలు : వోల్టు ప్రమాణ చరిత్రయు, రెగ్యులేటరు వివరపత్రములలోని కచ్చితత్వమును

గౌతమీ తీరమున వెలసిన యానాం ప్రాంతమునందలి పల్లెలలో అగ్రహార మొకటి. ఈ పేరు తెలుగు దేశమున అనేక గ్రామములకు కలదు. ప్రభువులు విద్వాంసులకు దాన మిచ్చిన భూమికి అగ్రహార మని పేరు. అట్టి దానములను తెలుపు రాగిరేకులను, శిలాశాసనములను పరిశీలించినచో వానియందు దాత వంశము, ప్రతిగ్రహీత గోత్రము చెప్పిన పిమ్మట తప్పక కానవచ్చు భాగ మొకటి యున్నది. అది ఎల్లల నిర్ణయము. తూర్పున ఏ చెరువు, దక్షిణమున ఏ పుట్ట, పడమట ఏ చింతచెట్టు, ఉత్తరమున ఏ కాలువ అని నాలుగు దిక్కుల హద్దులును శాసనము స్పష్టముగ వచించును. భూమి ఇంత యని చెప్పి ఊరకొనిన శాసనము వ్యవహారమునకు చాలదు. ఎల్లలు చెప్పినప్పుడే అది ప్రమాణ మగును.

నేటి విద్యుత్పరికరములకు ప్రాణప్రాయమైన వోల్టేజి రెగ్యులేటరును తయారుచేయు సంస్థ దానితోపాటు ఒక వివరపత్రమును ప్రకటించును. డేటాషీటు అని వ్యవహరింపబడు ఆ పత్రము కూడ ఒక విధమైన శాసనమే. దాని మొదటి పుటలో "5 వోల్టులు" అని పెద్ద అక్షరములతో ఉండును. ఎల్లలు మాత్రము లోపలి పట్టికలలో చిన్న అక్షరములతో ఉండును. మొదటిది చదివి రెండవది విడిచిన వానికి కలుగు నష్ట మెట్టిదో, ఆ ఎల్లలు ఏ చరిత్రనుండి పుట్టినవో వివరించుటయే ఈ వ్యాసమునకు విషయము.

కొలతలు – ప్రమాణములు

గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము, తూము, పుట్టి అని ధాన్యమునకును, తులము, వీశె, మణుగు అని తూకమునకును తెలుగువారు తరతరములుగ కొలతలను వాడిరి. ఈ పేర్లు దేశమంతట ఒకటియే యైనను కొలత మాత్రము ఒకటి కాదు. ఒక ఊరి కుంచము వేరొక ఊరి కుంచముతో సరిపోకుండుట సామాన్యము. అందుచేతనే శాసనములలో భూమిని కొలిచిన గడ పేరును ప్రత్యేకముగ పేర్కొను ఆచార మేర్పడెను. అంగడిలో త్రాసు మొగ్గును, చివరి కొసరును కొనువానికి ఊరట కలిగించుటకే పుట్టినవి. ఏ కొలతయు సంపూర్ణముగ నిజము కాజాల దను ఎరుక మన వ్యవహారమునందు మొదటినుండియు ఉన్న దనుటకు కొసరే సాక్ష్యము.

ఈ అస్తవ్యస్తతను తొలగింప తలపెట్టిన దేశములలో ఫ్రాన్సు ప్రథమగణ్యము. విప్లవానంతరము 1795లో మెట్రిక్ పద్ధతిని శాసనముగ చేసి, 1799లో ప్లాటినము మీటరు కడ్డీని, కిలోగ్రాము దిమ్మెను పారిస్ నగరమున భద్రపరచిరి. 1875 మే 20వ తేదీన అదే నగరమున 17 దేశములు మీటరు ఒడంబడికపై సంతకములు చేసినవి. యానాం 1723లోనే ఫ్రెంచివారి వర్తకస్థాన మయ్యెను. నడుమ కొన్ని పర్యాయములు ఇంగ్లీషువారి వశమైనను, 1954 నవంబరు 1వ తేదీన భారతదేశమునకు స్వాధీన మగువరకు అది ఫ్రెంచి ఏలుబడిలోనే యుండెను. న్యాయసమ్మతమైన విలీనము 1962 ఆగస్టు 16న జరిగినది. చుట్టును మద్రాసు రాజధానిలోని మణుగులు, వీశెలు చెల్లుచుండగా, మెట్రిక్ పద్ధతికి జన్మభూమియైన దేశముయొక్క పతాకము ఈ చిన్న సీమలో ఎగురుచుండుట చరిత్రలోని వింతలలో ఒకటి. భారతదేశము తూనికలు, కొలతల ప్రమాణముల శాసనమును 1956లో చేసి, 1957లో మీటరు ఒడంబడికలో చేరినది.

వోల్టు కథ

పొడవునకు కడ్డీని, బరువునకు దిమ్మెను నిలుపవచ్చును. కంటికి కానరాని విద్యుత్పీడనమునకు దేనిని నిలుపవలెను? ఇటలీ శాస్త్రవేత్త వోల్టా 1800లో తన ఘటమాలను ప్రకటించిన నాటినుండి ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను బాధించెను. 1881లో పారిస్ నగరమున సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ వోల్టు, ఓము, ఆంపియరు అను ప్రమాణములను అంగీకరించెను. పేరు నిశ్చయమైనది గాని దానిని చేతికందు రూపమున నిలుపుట మిగిలెను.

దీనికై మొదట లాటిమర్ క్లార్కు అను ఇంగ్లీషు ఇంజనీరు నిర్మించిన పాదరస–తుత్తునాగ ఘటమును గ్రహించిరి. 1893లో షికాగో మహాసభ దాని పీడనమును 15 సెంటిగ్రేడు డిగ్రీలయొద్ద 1.434 వోల్టులుగ నిర్ణయించెను. కాని దానికి ఉష్ణోగ్రత యొక గొప్ప శత్రువు. ఒక్కొక్క డిగ్రీకి అది ఇంచుమించు ఒక మిల్లీవోల్టునకు మించి తగ్గుచుండెను. 35 డిగ్రీల గోదావరి వేసవిలో దాని నుంచినచో నూటికి ఒకటిన్నర పాలు తప్పిపోవును. లండనులో నిజమైన ప్రమాణము మన యెండలో అబద్ధమగుట ఇందువలన స్పష్టము.

ఎడ్వర్డు వెస్టను నిర్మించిన కాడ్మియము ఘటము ఈ లోపమును చాలవరకు తీర్చెను. 20 డిగ్రీలయొద్ద దాని పీడనము 1.0183 వోల్టులు. ఆ ప్రాంతమున ఒక డిగ్రీకి కలుగు మార్పు సుమారు 40 మైక్రోవోల్టులు మాత్రమే. 1911నుండి ప్రపంచ ప్రయోగశాలలు దీనినే ప్రమాణముగ వాడినవి. 1948 జనవరి 1న అంతర్జాతీయ వోల్టును విడిచి నిరపేక్ష వోల్టును గ్రహించినప్పుడు, పాత వోల్టు ఒకటి క్రొత్త లెక్కలో 1.00034 వోల్టు లాయెను. ఏ తీగయు మారలేదు, ఏ ఘటమును చెడలేదు. ప్రమాణము మారుటచేత అన్ని సంఖ్యలును మారినవి.

1962లో బ్రయాన్ జోసెఫ్‌సన్ అను యువ శాస్త్రజ్ఞుడు, రెండు అతివాహకముల నడుమ పలుచని పొర యున్నచో దానిపై పడు సూక్ష్మతరంగముల పౌనఃపున్యమునకును పీడనమునకును ప్రకృతి నియతమైన సంబంధ ముండవలెనని సిద్ధాంతీకరించి, 1973లో నోబెల్ బహుమానము పొందెను. ఒక్క సంధి ఇచ్చు పీడనము మిక్కిలి స్వల్పము; 10 గిగాహెర్ట్జుల తరంగమునకు సుమారు 21 మైక్రోవోల్టులు. వేలకొలది సంధులను వరుసగ కూర్చి వోల్టును సాధించిరి. 1990 జనవరి 1నుండి ఈ సంబంధమునకు వోల్టునకు 4,83,597.9 గిగాహెర్ట్జు లను విలువను ప్రపంచ మంతయు అంగీకరించెను. 2019 మే 20న ప్లాంకు స్థిరాంకమును, ఎలక్ట్రాను ఆవేశమును అచంచలమైన సంఖ్యలుగ నిర్ణయించుటతో వోల్టు కూడ వానిపైననే నిలిచెను. భారతదేశమున ఈ ప్రమాణమును కాపాడు భారము ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది.

రెగ్యులేటరు పుట్టుక

ప్రమాణము ప్రయోగశాలలో ఉన్నంతమాత్రమున చాలదు. ప్రతి పరికరమునందును దాని ఛాయ యొకటి ఉండవలెను. రేడియోగొట్టముల కాలమున వాయువు నింపిన స్థిరీకరణ గొట్టములు ఈ పనిని చేసినవి. అవి 75, 105, 150 వోల్టుల రకములుగ దొరకుచుండెను. పిదప జెనరు డయోడు వచ్చెను. దానికి నూటికి 5 లేక 10 పాళ్ల అంతరమును తయారీదారులు ముందే ప్రకటించిరి.

ఇరువదవ శతాబ్ది ఏడవ దశకమున సిలికాను తునకపైననే ప్రమాణపీడనమును పుట్టించు ఉపాయము దొరకెను. ట్రాన్సిస్టరు ఆధార–ఉద్గార పీడనము డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గును. భిన్న సాంద్రతలతో ప్రవాహము నడచు రెండు ట్రాన్సిస్టరుల పీడనముల భేదమో, ఉష్ణోగ్రతతోపాటు పెరుగును. తగ్గుదానిని, పెరుగుదానిని తగుపాళ్లలో కూడినచో ఉష్ణోగ్రతకు లొంగని 1.2 వోల్టుల ప్రాంతపు పీడనము లభించును. చల్లని నీటిని వేడినీటితో కలిపి స్నానమునకు తగిన నులివెచ్చని నీటిని సిద్ధపరచుట వంటిదే ఇది. ఈ మార్గమును 1964లో హిల్బిబర్ సూచింపగా, రాబర్టు విడ్లార్ దానిని ఎల్.ఎం. 109 అను 5 వోల్టుల రెగ్యులేటరులో ఆచరణకు తెచ్చెను. 1974లో పాల్ బ్రోకా ప్రకటించిన రూపము మరింత ప్రచారము పొందెను. మూడు కాళ్ల 7805 రెగ్యులేటరు పిమ్మట ఇంటింటి పరికరములలోనికి ప్రవేశించినది.

తెలుగు నేలపై

ఈ విద్యను తెలుగు దేశమున పాదుకొల్పినవారిలో అయ్యగారి సాంబశివరావుగారు అగ్రగణ్యులు. వారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునను, అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునను విద్య నభ్యసించి, అణుశక్తి శాఖలో ఎలక్ట్రానిక్ పరికరముల నిర్మాణమునకు సారథ్యము వహించిరి. 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారి కృషివలన నెలకొన్నది. అణువిద్యుత్కేంద్రముల నియంత్రణ పరికరములు, కంప్యూటర్లు, టెలివిజన్లు అచట తయారైనవి. అణుకేంద్రపు పరికరమునకు "ఇంచుమించు 5 వోల్టులు" అను మాట చాలదు. ఎంత హెచ్చు, ఎంత తగ్గు అను ప్రశ్నకు సమాధానము వ్రాతమూలముగ ఉండి తీరవలెను. హైదరాబాదులో వారి పేర వెలసిన నగరభాగము వారిని నేటికిని తలపునకు తెచ్చుచున్నది.

సామాన్యునకు ఈ శాస్త్రము పరిచయమైనది "లో వోల్టేజి" అను మాట ద్వారా. 1956 నాటి భారత విద్యుత్ నియమావళిలో 54వ నియమము, కాలక్రమమున స్థిరపడిన రూపమున, గృహములకిచ్చు పీడనము ప్రకటితమైన దానికి నూటికి 6 పాళ్లకు మించి మారరాదని విధించెను. 230 వోల్టులకు ఈ ఎల్లలు సుమారు 216, 244. లైను చివరి పల్లెలలో పంపుసెట్లు నడచు వేళ ఈ దిగువ ఎల్ల దాటుటయు, బల్బులు ఎఱ్ఱబారుటయు పెద్దలెల్లరు ఎరిగినదే. టెలివిజను ప్రక్కన, శీతలయంత్రము ప్రక్కన స్టెబిలైజరు పెట్టెను ఉంచు అలవాటు అట్లు వచ్చినది. స్టెబిలైజరు వీధి తీగల దోషమును సవరించును. రెగ్యులేటరు పరికరము లోపలి పీడనమును సవరించును. రెంటికిని ధర్మ మొకటే, సూక్ష్మతయందే భేదము.

వివరపత్రమును చదువు విధము

7805 వివరపత్రములో ఉత్పత్తి పీడనమునకు మూడు నిలువు వరుస లుండును. కనిష్ఠము 4.8, సామాన్యము 5.0, గరిష్ఠము 5.2 వోల్టులు. ఇందు మధ్యవరుస తయారీదారుని అనుభవమును తెలుపునదే గాని వాగ్దానము కాదు. అటునిటు నున్న రెండు వరుసలే వాగ్దానము. అవియే ఎల్లలు. 4.81 వోల్టులిచ్చు తునకను చెడిపోయిన దని త్రిప్పి పంపుటకు కొనువానికి హక్కు లేదు.

రెండవది, ఆ ఎల్లలు ఏ నియమములకు లోబడినవో చూడవలెను. పై సంఖ్యలు 25 డిగ్రీల ఉష్ణోగ్రతకు మాత్రమే చెప్పబడినవి. లోనికి వచ్చు పీడనము, బయటకు పోవు ప్రవాహము, ఉష్ణోగ్రత అను మూడును తమ పరిధులలో మారినప్పుడు వాగ్దానము 4.75నుండి 5.25 వరకు సడలును. ఇచట ఉష్ణోగ్రత యనగా గదిలోని గాలిది కాదు, సిలికాను తునకది. 12 వోల్టులు లోనికి వచ్చి 5 వోల్టులుగ అర ఆంపియరు బయటకు పోవుచుండగా, మిగిలిన 7 వోల్టులు మూడున్నర వాట్ల వేడిగ మారి ఆ తునకనే కాల్చును. గది చల్లగా ఉన్నను తునక చల్లగా ఉండదు.

మూడవది, దోషములను వేరువేరుగ గుర్తింపవలెను. తునక పుట్టుకతో వచ్చు దోష మొకటి. లోపలికి వచ్చు పీడనము మారుటచే కలుగునది, బయటి భారము మారుటచే కలుగునది, వేడిచే కలుగునది, ఏండ్లు గడచుటచే కలుగునది మిగిలిన నాలుగు. మొదటిది స్థిరముగ ఉండును గావున ఒకమారు కొలిచి సవరింపవచ్చును. మిగిలినవి సవరణకు లొంగవు.

నాలుగవది, బయట చేర్చు నిరోధకములు. ఎల్.ఎం. 317 అను సవరింపదగిన రెగ్యులేటరులో ప్రమాణపీడనము 1.20నుండి 1.30 వరకు ఉండవచ్చును. అనగా నూటికి 4 పాళ్ల అంతరము. దానికి 240, 720 ఓముల నిరోధకములను చేర్చినచో 1.25ను నాలుగింతలు చేసి 5 వోల్టులు వచ్చును. నిరోధకములు ఒక్కొక్కటి నూటికి ఒక పాలు తప్పినచో వాని నిష్పత్తి రెండు పాళ్ల వరకు తప్పును. ఆ తప్పు పై 3.75 వోల్టులకే తగులును గావున 75 మిల్లీవోల్టు లగును. ప్రమాణదోషము 200 మిల్లీవోల్టులు. రెంటిని కూడగా 275 మిల్లీవోల్టులు, అనగా నూటికి అయిదున్నర పాళ్లు. ఇదికాక సవరణ కాలినుండి వచ్చు 50 మైక్రోఆంపియర్ల ప్రవాహము 720 ఓములలో మరి 36 మిల్లీవోల్టులను చేర్చును. "నేను ఒక పాలు అంతరముగల మేలైన నిరోధకములను వాడితిని" అని తృప్తిపడినవాడు అయిదు పాళ్ల దోషమునకు లోనగుట ఇట్లు సంభవించును.

ఈ ఎల్లల విలువ కొన్నియెడల ప్రాణమునకు సంబంధించినది. సాధారణ లిథియము ఘటములను పెక్కింటిని 4.2 వోల్టుల వరకే నింపవలెను. అచట అనుమతింపబడు అంతరము 50 మిల్లీవోల్టుల ప్రాంతముది. అనగా నూటికి ఒకటి చిల్లర పాళ్లు. నాలుగు పాళ్ల అంతరముగల రెగ్యులేటరును ఆ స్థానమున ఉంచుట అగ్నితో చెలగాట మాడుటయే.

త్రాసు చెప్పిన సాక్ష్యము

వరదకాలమున గోదావరి కెదురీదు పులస చేపకు యానాం అంగడి ప్రసిద్ధము. పుస్తెలమ్మియైనను పులస తినవలె నను సామెత పుట్టిన సీమ యిది. వేలరూపాయలు పలుకు చేపను నేడు ఎలక్ట్రానిక్ త్రాసుపై తూచుచున్నారు. ఆ త్రాసులో బరువునకు స్వల్పముగ వంగు లోహఖండ మొకటి యుండును. దానికి 5 వోల్టులు ఇచ్చినచో నిండు బరువునకు సామాన్యముగ 10 మిల్లీవోల్టులు తిరిగి వచ్చును. ఇచ్చు పీడనము 5.2 అయినచో తిరిగి వచ్చునది 10.4 అగును. ఆ సంకేతమును అంకెగ మార్చు భాగము వేరొక ప్రమాణముపై ఆధారపడి యున్నచో కిలో చేప 1,040 గ్రాములని త్రాసు పలుకును.

త్రాసును కూర్చిన పిమ్మట ముద్రవేసిన రాయితో సరిచూచి అంకెను దిద్దుదురు గనుక ఈ పుట్టుదోషము తొలగును. కాని కొంతకాలమునకు రెగ్యులేటరు కాలిపోగా మరమ్మతుదారు అదే పేరుగల క్రొత్త తునకను అతికించె ననుకొందము. పాతది 4.8, క్రొత్తది 5.2 వోల్టు లిచ్చినచో రెండును వివరపత్రపు ఎల్లలలోనివే, రెండును నిర్దోషములే. త్రాసు మాత్రము కిలోకు 80 గ్రాములకు పైగా అబద్ధము పలుకును. ఇందు మోసగించినవాడు లేడు; నష్టపోయినవాడు మాత్రము కలడు. మరమ్మతు జరిగిన త్రాసును మరల తనిఖీ చేయించి ముద్ర వేయించుకొనవలె నను విధి వెనుకనున్న న్యాయ మిదియే.

మంచి నిర్మాత ఈ చిక్కును మూలముననే త్రెంచును. లోహఖండమునకు ఇచ్చు పీడనమునే అంకెగ మార్చు భాగమునకు కూడ ప్రమాణముగ ఇచ్చును. అప్పుడు ఒకటి హెచ్చిన రెండవదియు అదే పాలున హెచ్చి నిష్పత్తి మారకుండును. రెండు తట్టల పాత త్రాసు చేసినదియు ఇదియే. భూమ్యాకర్షణ ఎంతయైనను రెండు తట్టలపై సమానమే గావున తూకము చెడదు. క్రొత్త శాస్త్రము మన తాతల త్రాసులోని సూత్రమునే మరల ఆశ్రయించుట గమనింపదగినది. నిష్పత్తి చాలు చోట కచ్చితమైన రెగ్యులేటరుకై ధనము వెచ్చింప నక్కరలేదు. నిరపేక్షమైన పీడనము కావలసిన చోట వెచ్చింపక తప్పదు. ఏది ఎచట వలయునో తెలియుటయే వివరపత్రము చదివినందుకు ఫలము.

ముగింపు

వోల్టా ఘటమునుండి జోసెఫ్‌సన్ సంధివరకు జరిగిన రెండువందల ఏండ్ల కృషియందు శాస్త్రజ్ఞులు దోషమును పూర్తిగ నిర్మూలించితి మని ఎన్నడును చెప్పలేదు. దోష మెంతకు మించదో చెప్పిరి. వివరపత్రమునందలి కనిష్ఠ గరిష్ఠములు ఆ సంప్రదాయమునకు చెందినవే. వానిని చదివి పరికరమును నిర్మించు యువకులు తెలుగు పల్లెలలో నేడు పెక్కుమంది కలరు. మొదటి పుటలోని పెద్ద అంకెతో తృప్తి నొందక, అగ్రహార శాసనమును చదువు పండితుడు నాలుగు ఎల్లలను వెదకినట్లు వారును లోపలి పట్టికలను వెదకుదురు గాక. కొనువాని కొసరును అమ్మువాని దయకు విడువక, త్రాసులోనే న్యాయము నెలకొల్పుట వారి చేతిలోని పని.